వంటయింటి ఆరాధకుడు – సోదరుడు లారెన్సు

ఆరాధన యనగానే మన మనస్సులకు మొట్టమొదట తోచునది ఒక మందిరము, ఒక నియమిత కాలము, ఒక క్రమము. గంట మ్రోగును, జనులు చేరుదురు, పాటలు పాడుదురు, ప్రార్థనలు జరుగును, పిమ్మట ఎవరి యిండ్లకు వారు పోవుదురు. క్రైస్తవ మతమునందును ఇట్లే జరుగుచు వచ్చినది. రోమను చక్రవర్తి కాన్‌స్టంటైన్ 313వ సంవత్సరమున ఆ మతమునకు స్వేచ్ఛ నొసగిన తరువాత, అంతవరకు ఎక్కువగా ఇండ్లలో కూడుకొనుచుండిన భక్తులకు విశాలమైన మందిరము లేర్పడినవి. శతాబ్దములు గడచినకొలది వాని గోపురములు పెరిగినవి, పూజాక్రమములు పెరిగినవి, వాద్యములు చేరినవి. ఐనను ఒక ప్రశ్న మాత్రము అన్ని యుగములందును భక్తులను వెంబడించుచునే యున్నది. మందిరపు గుమ్మము దాటి వీధిలోనికి వచ్చిన మరుక్షణమున దేవుని సన్నిధి యేమగును? లోనికి పోవునప్పుడు చెప్పులను వెలుపల విడిచినట్లు, వెలుపలికి వచ్చునప్పుడు సన్నిధిని లోపల విడిచి రావలసినదేనా?

ఈ ప్రశ్నకు సమాధానముగ పండితులు గొప్ప గ్రంథములు వ్రాసిరి. కాని లోకమున మిక్కిలి వ్యాపించిన సమాధానములలో నొకటి పండితునిది కాదు. అది 17వ శతాబ్దమున పారిస్ నగరమందలి ఒక మఠములో వంటవాడుగ పనిచేసి, పిమ్మట చెప్పులు కుట్టి, 1691వ సంవత్సరమున కన్నుమూసిన ఒక కుంటి సోదరునిది. ఆయన పేరు లారెన్సు. ఆయన జీవితమును, ఆయన మాటలు ఇంతకాలము నిలిచియుండుటకు కారణమైన విచిత్ర చరిత్రను ఈ ప్రసంగమున సంగ్రహముగ వివరింప నెంచితిమి.

లారెన్సు అనునది మఠములో పెట్టిన పేరు. తల్లిదండ్రులు పెట్టిన పేరు నికొలా ఎర్మాన్. ఇప్పటి ఫ్రాన్సు దేశపు తూర్పు ప్రాంతమున లొరేన్ అను సీమ కలదు. ఆ కాలమున అది ఫ్రాన్సు రాజునకు లోబడినది కాదు. దానికి వేరుగ ఒక డ్యూకు ఉండెను. ఆ సీమలో లూనెవిల్ పట్టణమునకు సమీపమున నున్న ఎరిమెనిల్ గ్రామమున సుమారు 1614వ సంవత్సరమున నికొలా జన్మించెను. పేద కుటుంబము, గొప్ప చదువు లేదు. ఆయనకు నాలుగేండ్ల ప్రాయము వచ్చునప్పటికి, అనగా 1618లో, ఐరోపా నంతటిని ముప్పది సంవత్సరములపాటు దహించివేసిన మహాయుద్ధ మారంభమైనది. మతము పేరిట మొదలై రాజ్యకాంక్షతో పెరిగిన యుద్ధమది. ఫ్రెంచివారు, జర్మనులు, స్వీడను దేశీయులు ఒకరి వెనుక నొకరు లొరేన్ సీమను త్రొక్కి పోయిరి. సైన్యము వెంట కరవు, కరవు వెంట తెగుళ్లు వచ్చినవి. గ్రామములకు గ్రామములే పాడుపడినవి.

ఆ దుస్థితికి ఒక చిత్రకారుడు సాక్ష్యము పలికి పోయినాడు. లొరేన్ రాజధాని యగు నాన్సీ నగరవాసి జాక్ కాలో 1633లో యుద్ధపు దుఃఖములను గూర్చి పదునెనిమిది చిన్న చిత్రములను రాగి రేకులపై చెక్కి అచ్చొత్తించెను. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనదానిలో ఒక పెద్ద చెట్టు కలదు. దాని కొమ్మలకు కాయలు వ్రేలాడినట్లు, ఉరితీయబడిన మనుష్యులు వరుసగ వ్రేలాడుచుందురు. క్రింద సైనికులు నిలిచియుందురు. నిచ్చెనపై ఒక గురువు శిలువ పట్టి తరువాతివానికి కడపటి మాటలు చెప్పుచుండును. ఆనాటి లొరేన్ లో చెట్టును చూచినవానికి తోచు తలంపులలో ఇదియు నొకటి.

ఇంచుమించు ఆ సంవత్సరములలోనే, పదునెనిమిదేండ్ల ప్రాయమున, నికొలా కూడ ఒక చెట్టును చూచెను. అది చలికాలము. చెట్టున ఆకు లేదు. కొన్ని దినములకు ఈ మోడు చిగిర్చును, పూచును, కాచునుగదా యని ఆ యువకుడు తలపోసెను. ఆ చింతనలో సృష్టికర్త యొక్క శక్తియు, పోషణయు ఆయన హృదయమున నెంత గాఢముగ నాటుకొనినవనగా, అనేక సంవత్సరములు దాటిన తరువాతను, నాడు కలిగిన ప్రేమ నేటికి పెరిగినదో లేదో చెప్పజాలననునంతటి తీవ్రతతో ఆయన దానిని స్మరించుకొనెను. ఇందులో దర్శనము లేదు, అశరీరవాణి లేదు. ఎండిన చెట్టొకటి, దానిని చూచి ఆలోచించిన మనస్సొకటి. ఒకే సీమలో, ఒకే కాలమున, ఒకరికి చెట్టు ఉరికంబముగ కనబడెను. ఒకరికి వసంతమునకు హామీగ కనబడెను. రెండును సత్యములే. ఈ రెండవ దృష్టి యుద్ధ మెరుగని వాని కల కాదని గ్రహించుట అవసరము.

ఏలయన ఆ నికొలాయే తరువాత లొరేన్ డ్యూకు సైన్యములో చేరెను. జర్మను సైనికులు ఆయనను పట్టుకొని, గూఢచారి యని భావించి, ఉరితీయుదుమని బెదరించిరి. తాను నిర్దోషి ననియు, చావునకు భయపడననియు ఆయన నిబ్బరముగ చెప్పగా విడిచిపెట్టిరి. కాలో చిత్రించిన చెట్టు ఆయనకును అంత చేరువగ వచ్చి తొలగినది. పిమ్మట 1635లో స్వీడను సైనికులు రాంబెర్‌విలే పట్టణముపై పడినప్పుడు ఆయన గాయపడెను. దానితో సైనికవృత్తి ముగిసినది. కాలికి కలిగిన కుంటితనము మాత్రము జీవితాంతము నిలిచినది.

గాయము మానిన తరువాత నికొలా కొంతకాలము ఏకాంతవాసము చేసి చూచెను. కాని స్థిరమైన నియమము లేని ఒంటరి జీవితమున మనస్సు ఒకనాడు ఉప్పొంగుచు, మరునాడు క్రుంగిపోవుచు నుండెను. అది తనకు తగదని గ్రహించి పారిస్ చేరి, ఫియూబే అను రాజకోశాధికారి యింట సేవకుడుగ కుదిరెను. అచ్చటి తన పనితనమును గూర్చి ఆయన తరువాత తానే నవ్వుచు చెప్పుకొనెను: చేతికందిన ప్రతి వస్తువును పగులగొట్టు మొరటువాడనని. చివరకు 1640వ సంవత్సరమున, ఇరువదియారేండ్ల ప్రాయమున, పారిస్ లోని వొజిరార్ వీధి యందలి కార్మెల్ మఠమున ప్రవేశించెను. రెండేండ్ల పిమ్మట 1642 ఆగస్టులో మాటపట్టు తీసుకొనెను. పునరుత్థానపు లారెన్సు అనునది ఆయనకు మఠనామమయ్యెను.

ఈ కార్మెల్ సభను గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. స్పెయిన్ దేశమున ఆవిలా నగరవాసినియగు తెరేసా 1562లో ఆ సభకు ఒక సంస్కరణము నారంభించెను. మఠజీవితము సుఖప్రాయమై పోయినదనియు, మౌనధ్యానము తిరిగి ప్రధానము కావలయుననియు ఆమె యుద్దేశము. ఐనను ఆమె పనిని తృణీకరించినది కాదు. విధి వంటయింటికి పంపినచో కుండల నడుమను ప్రభువు ఉండుననియే ఆమె తన సోదరీమణులకు బోధించెను. ఈ బోధకును పూర్వచరిత్ర కలదు. ఐదవ శతాబ్దమున జాన్ కాసియన్ అను సన్యాసి, ఐగుప్తు ఎడారులలోని తపోధనులు ఒక్క చిన్న ప్రార్థనావాక్యమును పనిలోను, ప్రయాణములోను, నిద్రకు ముందును జపించుచుండెడి విధమును వర్ణించి పశ్చిమదేశములకు తెలిపెను. తూర్పుదేశపు క్రైస్తవులు యేసు నామస్మరణమును ఊపిరితో జతపరచిరి. కాబట్టి లారెన్సు అభ్యాసము క్రొత్తగ మొలచిన వింత కాదు. ఎడారిలోను, మఠములోను వెయ్యేండ్లకు పైగ సన్యాసులు కాపాడుకొనిన నిధిని సామాన్యుని వంటపొయ్యి దగ్గరకు తెచ్చుటయే ఆయన విశేషము.

మఠములో సోదరులు రెండు తరగతులవారు. గురుపట్టము పొందినవారు చదువుదురు, బోధింతురు, బలిపూజ చేయుదురు. పట్టము లేని సోదరులు ఇంటిపనులు చేయుదురు. లారెన్సు ఈ రెండవ తరగతివాడు. ఆయనకు అప్పగింపబడిన పని వంట. స్వభావముచేత ఆయనకు వంటపని యనిన మిక్కిలి యయిష్టము. ఐనను సుమారు పదునైదు సంవత్సరము లాయన ఆ పొయ్యి దగ్గరనే గడిపెను. ప్రతి పనికి ముందు సహాయమడుగుట, పనిలో నడుమ నడుమ ఒక చిన్న మాటతో దేవుని తలంచుట, పని ముగిసిన పిమ్మట చక్కగ జరిగినచో కృతజ్ఞత చెప్పుట, జరుగనిచో క్షమాపణ వేడి చింతింపక మరల మొదలుపెట్టుట – ఇంతియే ఆయన పద్ధతి. పెనముపై గ్రుడ్డట్టును త్రిప్పుటయు దేవుని ప్రేమకొరకే చేయవచ్చునని ఆయన చెప్పుచుండెను. నేలపైనున్న గడ్డిపరకను ఎత్తుటయు అట్టిదే. పని యొక్క పెద్దతనమును దేవుడు చూడడనియు, ఆ పని చేయించు ప్రేమను చూచుననియు ఆయన విశ్వాసము.

వినుటకు ఇది మిక్కిలి సులభముగ కనబడును. కాని లారెన్సు దీనిని సులభముగ సాధింపలేదు. ఈ భాగమును విడిచి ఆయన కథను చెప్పుట న్యాయము కాదని మేము తలంచుచున్నాము. మఠములో చేరిన తొలి పది సంవత్సరములు ఆయన మనస్సు తీవ్రమైన వేదన ననుభవించెను. పూర్వపాపములు కన్నులయెదుట నిలిచెను. దేవుని కృప తనకు లభించినదనుకొనుట అహంకారమేమో, తాను మోసపోవుచున్నానేమో, తనకు రక్షణయే లేదేమో యను సందేహములు పీడించెను. చివరకు, ఈ బాధ జీవితాంతము తీరకున్నను సరే, దేవుని ప్రేమకొరకు సేవచేయుట మాత్రము మాననని నిశ్చయించుకొనెను. ఆ నిశ్చయము కుదిరిన తరువాతనే, తన ప్రయత్నము లేకయే, మనస్సునకు శాంతి కలిగెనని ఆయన ఒక లేఖలో తెలిపెను. శాంతిని కోరినంతకాలము రాలేదు. శాంతి రాకున్నను ప్రేమింతునని నిలిచిన పిమ్మట వచ్చినది. ఆయన బోధ అంతటికిని పునాది ఈ పదేండ్ల చీకటియే.

ఆయన చేసిన పనులన్నియు వంటయింటిలోనే జరుగలేదు. మఠమునకు కావలసిన ద్రాక్షారసమును కొనుటకై ఆయనను దూరముననున్న బర్గండీ సీమకు పంపిరి. బేరసారములు తెలియవు, కుంటికాలు. పడవలో ఒకచోటినుండి మరియొకచోటికి పోవలెనన్న, పీపాలపై దొర్లుచు పోవలసి వచ్చెడిది. ఐనను ఇది నీ పనియేనని దేవునితో చెప్పి బయలుదేరెననియు, పని చక్కగనే జరిగెననియు ఆయన చెప్పెను. వయస్సు మీరి, కాలిపుండు బాధింపగా, వంట మాన్పించి సోదరుల పాదరక్షలు కుట్టు పని నిచ్చిరి. ఆ పనిలో ఆయనకు ఆనందము లభించినది.

ఇంతకును ఈ మాటలు మనకెట్లు తెలిసినవి? లారెన్సు పుస్తకము వ్రాయలేదు. 1666వ సంవత్సరము ఆగస్టు 3వ తేదీన జోసెఫ్ ద బొఫోర్ అను గురువు ఆయనను కలిసికొని మాటలాడెను. అదే సంవత్సరమున సెప్టెంబరులోను, నవంబరులోను, మరల 1667 నవంబరులోను సంభాషించి, విన్నదానిని వ్రాసియుంచెను. లారెన్సు మరణానంతరము ఆయన లేఖలు పదునారు లభించినవి. సన్యాసినులకు, గృహిణులకు, ఒక గురువునకు వ్రాసిన చిన్న లేఖలవి. ఒక సైనికాధికారిని గూర్చి వ్రాయుచు, కత్తి చేతబట్టి పరుగిడునప్పుడు కూడ హృదయమును ఒక్క క్షణము పైకెత్తుట సాధ్యమని ఆయన సలహా నిచ్చెను. ప్రార్థనలో మనస్సు చెదరుచున్నదని మొరపెట్టుకొనినవారికి, మనస్సుతో పోరాడవద్దనియు, ధనికుని వాకిట కూర్చున్న మూగ బిచ్చగానివలె ఊరక దేవుని యెదుట నిలువుమనియు చెప్పెను. మనస్సు తొలగినప్పుడు కలతపడక మెల్లగ తిరిగి తెచ్చుకొనవలెను. దినమంతయు దానిని విచ్చలవిడిగ తిరుగనిచ్చి ప్రార్థనావేళను మాత్రము నిలువుమనిన అది నిలుచునా యని ఆయన వాదము.

ఈ చివరి మాటలోనే ఆరాధన లోతును గూర్చిన ఆయన బోధ యంతయు ఇమిడియున్నది. ఆయన ఆలయారాధనను తృణీకరించినవాడు కాదు. మఠమందలి నియమితప్రార్థనలకు హాజరయ్యెడివాడు. దివ్యసత్ప్రసాదమును భక్తితో స్వీకరించెడివాడు. కాని ప్రార్థనావేళకును పనివేళకును తనకు భేదము కనబడదని చెప్పెను. మనము సాధారణముగ ఆరాధనను దినమునుండి వేరుచేసి, దానిని ఉత్సాహముతో నింపవలెనని ప్రయాసపడుదుము. ఆయన ప్రయాస యంతయు దినమునందు జరిగినది. దినమంతయు పలుకరించుచున్న స్నేహితుని యింటికి పోయినవానికి సంభాషణ మొదలుపెట్టుటకు కష్టమేమి? ఆరాధనా సమయము ఆయనకు క్రొత్త పరిచయము కాదు, సాగుచున్న స్నేహమునకు సభాముఖమున ప్రకటన. మన తెలుగున సన్నిధి యను మాట ఈ భావమునకు చక్కగ తగియున్నది. దానికి దగ్గరి తనమే అర్థము. దేవాలయపు గర్భగుడి యెదుటి స్థలమునకును ఆ మాటనే వాడుదుము. తెలుగు బైబిలు అనువాదకులును ఆ మాటనే గ్రహించిరి.

లారెన్సు కాలమునాటి ఫ్రాన్సును ఒకమారు పరికించినచో ఈ బోధ విలువ మరింత స్పష్టమగును. అది పదునాలుగవ లూయీ రాజ్యకాలము. వెర్సాయి భవనమున రాజు నిద్రలేచుటయే ఒక ఉత్సవముగ జరుగుచుండెను. రాజమందిరపు ప్రార్థనాలయమున సభికుల దృష్టి బలిపీఠముపై కంటె రాజు ముఖముపైననే యుండెనని ఆనాటివారే యెత్తిపొడిచిరి. రాజసన్నిధి యే అదృష్టము. రాజుదృష్టి తొలగుటయే మరణము. అట్టి యుగమున ఒక వంటవాడు, రాజులరాజు సన్నిధికి పరిచయపత్రము అక్కరలేదనియు, పొయ్యి దగ్గరనే ఆయనతో మాటలాడవచ్చుననియు చెప్పుచుండెను. ఆ రాజే 1685లో నాంత్ శాసనమును రద్దుచేసి ప్రొటెస్టంటుల ఆరాధనను నిషేధించెను. ఆలయములు కూల్చబడినవి, సుమారు రెండు లక్షలమంది దేశము విడిచిపోయిరి. ఆరాధన చేయుటకు చోటే లేనివారికి, చోటుతో పనిలేని ఆరాధన ఎంత ప్రాణాధారమగునో ఊహింపవచ్చును. తరువాత జరిగిన కథ దీనికి నిదర్శనము.

లారెన్సు 1691 ఫిబ్రవరి 12వ తేదీన, డెబ్బదియేడేండ్ల ప్రాయమున కన్నుమూసెను. మరుసటి సంవత్సరమే, అనగా 1692లో, బొఫోర్ ఆయన లేఖలను, సూక్తులను ప్రకటించెను. 1694లో సంభాషణలతో కూడిన రెండవ గ్రంథము వెలువడెను. గ్రంథములకు ఆదరణ కలిగినది. కాని అవి వెలువడిన సమయము మంచిది కాదు. అప్పుడు నిశ్చలతావాదమను పేర ఒక పెద్ద వివాదము రేగియుండెను. రోములో నివసించిన మొలినోస్ అను స్పెయిన్ దేశపు గురువు, ఆత్మ దేవుని యెదుట పూర్తిగ నిశ్చలమైపోవలెననియు, ఆ స్థితి నందినవానికి ప్రయత్నముతో పనిలేదనియు బోధించినట్లు నిందమోపి, 1687లో పోపు ఆయన సిద్ధాంతములను ఖండించెను. ఫ్రాన్సులో మదామ్ గియాన్ అను విధవ ఇట్టి బోధకే చెరసాల పాలయ్యెను. ఆమెను సమర్థించిన కాంబ్రే అగ్రపీఠాధిపతి ఫెనెలాన్ కును, మహావక్త బొస్సుయేకును ఘోరమైన వాగ్యుద్ధము జరిగెను. 1699లో ఫెనెలాన్ గ్రంథమును పోపు ఖండించెను.

ఈ ఫెనెలాన్ లారెన్సును జబ్బుగ నున్నప్పుడు దర్శించినవాడు. ఆ సోదరుడు స్వభావమున మొరటువాడైనను కృపచేత సున్నితుడని మెచ్చుకొనినవాడు. మెప్పు మంచిదే. కాని మెచ్చుకొనినవాడు ఓడిపోయినప్పుడు మెప్పే మచ్చయగును. లారెన్సు పేరును ఎవరును ఖండింపలేదు. ఆయన గ్రంథమును నిషేధింపలేదు. ఐనను సన్నిధి, నిశ్శబ్దము, సమర్పణము అను మాటలే అనుమానాస్పదములైన ఆ దినములలో, ఆయన స్వదేశమున, స్వకీయ సభలో ఆ చిన్న పుస్తకము మరుగున పడినది.

ఈ అనుమానమున న్యాయము బొత్తిగ లేదని చెప్పజాలము. దేవుని సన్నిధి నాలో నున్నదని చెప్పువాడు సంఘమును, నియమమును, పొరుగువానిని లెక్కచేయక పోవు ప్రమాదము అన్ని మతములలోను చరిత్ర చూపుచున్నది. లోలోపలి యనుభవమునకు పరీక్ష యేది? లారెన్సు విషయమున ఆ పరీక్షను మనము సులభముగ చేయవచ్చును. ఆయన నిశ్చలత చేతులు ముడుచుకొని కూర్చున్నది కాదు. ఆయన సన్నిధిలో నున్నంతసేపును అన్నము వండబడినది, పాత్రలు తోమబడినవి, చెప్పులు కుట్టబడినవి. ఆ వంట తిన్నవారే ఆయనకు సాక్షులు. ఆనందానుభవములు దేవుని వరములేగాని దేవుడు కావనియు, వానియందు చిక్కుకొనరాదనియు ఆయన హెచ్చరించెను. కాబట్టి ఆయన బోధ నిశ్చలతావాదమునకు సోదరి కాదు, దానికి విరుగుడు.

స్వగృహమున మరుగుపడిన పుస్తకము పొరుగింట వెలిగినది. ఫ్రాన్సు విడిచి హాలండులో నివసించుచుండిన పియేర్ ప్వారే అను ప్రొటెస్టంటు గురువు లారెన్సు రచనలను మరల ముద్రించి కాపాడెను. 1724లో అవి ఆంగ్లభాషలోనికి వచ్చినవి. మెథడిస్టు ఉద్యమస్థాపకుడగు జాన్ వెస్లీ 1749 మొదలు 1755 వరకు ఏబది సంపుటములుగ ప్రకటించిన క్రైస్తవ గ్రంథమాలలో ఈ కాథలిక్కు వంటవాని లేఖల సంగ్రహమునకు స్థానమిచ్చెను. ఏ రెండు శాఖలు ఒకదాని నొకటి తరిమికొట్టుకొనినవో, ఆ శాఖలు రెండును నేడు ఈ చిన్న పుస్తకమును తమదిగ చదువుకొనుచున్నవి. 20వ శతాబ్దమున కాథలిక్కు పండితులును ఆయనను తిరిగి గుర్తించిరి. కార్మెల్ సభకు చెందిన కాన్రాడ్ ద మేస్తెర్ 1991లో ఆ రచనలను పరిష్కరించి ప్రకటించెను.

ఈ అభ్యాసము 20వ శతాబ్దపు మనుష్యునకు సాధ్యమా యని పరీక్షించిన వారిలో అమెరికా దేశీయుడగు ఫ్రాంక్ లాబాక్ ప్రముఖుడు. ఆయన 1930లో ఫిలిప్పీను దీవులలోని లానావో సరస్సు ప్రాంతమున ఒంటరిగ నివసించుచు, నిమిషనిమిషమును దేవుని తలంచుటకు ప్రయత్నించి, ఆ ప్రయత్నమందలి జయాపజయములను తన తండ్రికి లేఖలుగ వ్రాసెను. ఆ ప్రాంతపు ముస్లిములతో మైత్రి కుదిరినది. వారికి చదువు నేర్పుట ఆయన జీవితకార్యమైనది. తరువాత భారతదేశమునకు కూడ వచ్చి వయోజన విద్యకు తోడ్పడిన లాబాక్ ఆయనయే. దైవసన్నిధిని వెదకినవాడు నిరక్షరాస్యుని పలక దగ్గరకు చేరుట గమనింపదగిన విషయము. వంటయింట మొదలైన ఆరాధన బడిలోనికి నడచినది.

లారెన్సు నివసించిన మఠము సంగతి కూడ చెప్పి ముగింతుము. దానికి 1613లో ఫ్రాన్సు రాణి మరీ ద మెదిచీ శంకుస్థాపన చేసెను. లారెన్సు గతించిన సుమారు నూరేండ్లకు ఫ్రెంచి విప్లవము వచ్చెను. ఆ మఠమునే చెరసాలగ చేసి, విప్లవ ప్రభుత్వమునకు ప్రమాణము చేయ నిరాకరించిన గురువులను అందు బంధించిరి. 1792 సెప్టెంబరు 2వ తేదీన ఒక మూక ఆ తోటలోనికి చొరబడి నూరుమందికి పైగ గురువులను వధించెను. అటుతరువాత మఠస్థలము చేతులు మారి, 1875లో స్థాపింపబడిన పారిస్ కాథలిక్కు విద్యాపీఠమునకు నిలయమైనది. ప్రార్థనాలయము నేటికిని నిలిచియున్నది.

రాణి వేసిన రాయి నిలిచినది; రక్తము చిందిన తోట నిలిచినది. యుద్ధములోనుండి వచ్చిన ఒక కుంటివాడు, తన కిష్టములేని పనిలో, పదేండ్ల చీకటికి ఓర్చుకొని నేర్చుకొనిన మాట మాత్రము రాతికంటె బలముగ నిలిచినది. ఆరాధన లోతు పాట యొక్క గట్టితనమున గాని, గడియల లెక్కలో గాని లేదనియు, ఒక గడియకును తరువాతి గడియకును నడుమ మన మనస్సు ఎచ్చట నివసించుచున్నదో దానిలో నున్నదనియు ఆ మాటకు తాత్పర్యము. ఆ నివాసమును మార్చుకొనుటకు తీర్థయాత్ర అక్కరలేదు, ధనమక్కరలేదు, పాండిత్యమక్కరలేదు. రేపటి ఉదయమున పొయ్యి వెలిగించువారెవరైనను, మతభేదము లేక, దానిని పరీక్షించి చూచుకొనవచ్చును.